కేటో మేనర్ కథకుడు: రోనీ గోవెండర్

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన, మద్రాసునుండి బయలుదేరిన 'ట్రూరో' అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవును చేరెను. నేటాల్ సీమలోని చెరకుతోటలలో పనిచేయుటకై ఒడంబడిక వ్రాసియిచ్చి పోయిన భారతీయ కూలీలలో మొట్టమొదటివారు ఆ ఓడలో ఉండిరి. అది మొదలు 1911వ సంవత్సరము వరకు ఈ విధముగా ఆ సీమకు పోయినవారు 1,52,184 మంది. వారిలో అరవము మాటలాడువారును, భోజపురి మాటలాడు ఉత్తరాదివారును, గంజాము, విశాఖపట్టణము, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుండి పోయిన మన తెలుగువారును కలరు. అచ్చటి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, పాఠశాలలు నడిపి, భజనలు చేసికొని, భాషను నిలుపుకొనుటకు పడిన పాట్లను మనవారు గౌరవముతో చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనుట న్యాయమే. కాని ఆ జనము తమలో తాము ఎట్లు మాటలాడుకొనెను, ఏ అరుగుమీద కూర్చుండి ఎవరిని ఎగతాళి చేసెను, అప్పు తీర్చలేని పొరుగువానిని ఏమని తిట్టెను అను సంగతులు సభల నివేదికలలో దొరకవు. అవి దొరకు చోటు కథ.

ఆ కథను వ్రాసినవారిలో రోనీ గోవెండర్ ముఖ్యుడు. ఆయన వంశము అరవవారిది, మనది కాదు. తెలుగు సంఘపు సంచికలో ఆయన ప్రసక్తి యేల యని చదువరులు అడుగవచ్చును. నేటాల్‌లో నాయుడు ఇంటి ప్రక్కన పిళ్ళె ఇల్లు, దాని వెనుక మహారాజు ఇల్లు, ఎదుట ముసల్మాను కొట్టు ఉండెడివి. ఒకరి కథ చెప్పిన అందరి కథయు వచ్చును. అంతకంటె బలమైన కారణము వేరొకటి కలదు. పొట్టకూటికై దూరదేశము పోయి, అచ్చటనే స్థిరపడి, ఆ ఊరిని తమ ఊరుగా చేసికొన్న శ్రామికజనము తమ నిత్యజీవితమును సాహిత్యమునకు తగినదిగా ఎంచవచ్చునా అను ప్రశ్నకు ఆయన తన రచనలన్నింట జవాబు చెప్పినాడు. భీవండిలో మూడు నాలుగు తరములుగా సాంచాల చప్పుడులో బ్రదుకుచున్న మనకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

గోవెండర్ 1934లో డర్బన్ నగరపు అంచున ఉన్న కేటో మేనర్‌లో జన్మించి, 2021లో మరణించెను. కేటో మేనర్ అను పేరు ఆ నగరపు తొలి మేయరైన జార్జి కేటో అను తెల్లదొరది. ఒడంబడిక గడువు తీరిన భారతీయులు అచ్చటి కొండవాలులలో భూమిని కొనియో, కౌలుకు తీసికొనియో, కూరగాయలు పండించి, గంపలతో డర్బన్ వీధులలో అమ్ముకొనిరి. రేకులతోను చెక్కలతోను ఇండ్లు కట్టుకొనిరి. కోవెలలు, మసీదులు, బడులు తమ చేతులతోనే నిర్మించుకొనిరి. తరువాతి కాలమున నగరములో పనికై వచ్చిన ఆఫ్రికనులు వారి భూములలో అద్దెకు గుడిసెలు వేసికొనిరి. ఈ భూస్వామి-అద్దెదారు సంబంధమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. దీని ప్రసక్తి ముందు మరల రానున్నది.

గోవెండర్ కొంతకాలము ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పత్రికలకు క్రీడావార్తలు వ్రాసెను. క్రీడలలో సైతము తెల్లవారికి వేరు, నల్లవారికి వేరు అను కట్టుబాటు ఉన్న దేశములో క్రీడావార్త వ్రాయుటయు రాజకీయమే. ఆయనను నాటకమువైపు త్రిప్పిన సంఘటనలో మనకు పరిచితమైన పేరొకటి వినబడును. 1960 ప్రాంతమున కృష్ణ షా అను భారతీయ దర్శకుడు రవీంద్రనాథ ఠాకూరు నాటకమును దక్షిణాఫ్రికాకు కొనిపోయి ప్రదర్శించి, అచ్చటి యువకులకు నాటకకళలో శిక్షణ ఇచ్చెను. ఆ శిక్షణ ఫలితముగా 1964లో షా థియేటర్ అకాడమీ ఏర్పడెను. దాని స్థాపకులలో గోవెండర్ ఒకడు. ఠాకూరు ప్రేరణతో మొదలుపెట్టినవాడు ఠాకూరును అనుకరించుచు కూర్చుండక, చెరకుమిల్లు కూలీ త్రాగుడుమాటలను రంగస్థలమునకు ఎక్కించెను. గురుదక్షిణ యనిన ఇట్టిదే కావలెనని నా అభిప్రాయము.

ఆ నాటకము 'ది లాహ్నీస్ ప్లెషర్'. 1970 తరువాతి సంవత్సరములలో అది ప్రదర్శింపబడి, భారతీయుల నాటకములలో మిక్కిలి జనాదరణ పొందెను. 'లాహ్నీ' యనగా డర్బన్ భారతీయుల మాటలో తెల్లయజమాని, దొర; మన భీవండి మాటలో చెప్పవలెనన్న 'సేఠు'. కథ చిన్నది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ అను చెరకుమిల్లు ఊరిలో తెల్లవానిదైన ఒక హోటలు. అందులో భారతీయులకు ప్రత్యేకించిన సారాగది. మోతీ అను మిల్లు కూలీ అచ్చటికి వచ్చును. వాని కుమార్తె ఇల్లు విడిచి పోయినది. అవమానముతోను దుఃఖముతోను కుమిలిపోవుచు, సారా పోయు సన్నీతో మొర పెట్టుకొనును. హోటలు దొర వచ్చి పెద్దరికము వహించి సలహా చెప్పును. ఊరికి కొత్తవాడైన ఒక భారతీయుడు అచ్చట కూర్చుండి ఇదంతయు చూచుచు, దొర దయకు తలయొగ్గు ఈ అలవాటును ప్రశ్నించును. ఇంతే కథ. ఉపన్యాసము లేదు, జెండా లేదు. ఒక తండ్రి తన ఇంటి గుట్టును తన యజమాని ఎదుట విప్పుకొనవలసి వచ్చుటలోని హీనత్వమును చూచి ప్రేక్షకులు నవ్వుదురు. నవ్విన మరుక్షణమున తాము ఎవరిని చూచి నవ్వితిమో తెలిసి గతుక్కుమందురు. జీతము ఇచ్చువాడు మన ఇంటి తగవు కూడ తీర్చునని నమ్ముట ఎంతటి దాస్యమో ఈ నాటకము చూపినంత సులువుగా చూపిన రచన నాకు వేరొకటి తెలియదు.

దీనికి ప్రాణము భాష. మోతీ మాటలాడునది బడిలో నేర్చిన ఇంగ్లీషు కాదు. అరవము, తెలుగు, భోజపురి, జూలూ నుడులు కలిసి, క్రియలు తలక్రిందులై, తిట్లు ముద్దుమాటలై వినిపించు కూలీ ఇంగ్లీషు అది. చదువుకొన్నవారు దానిని విని సిగ్గుపడెడివారు. గోవెండర్ సిగ్గుపడలేదు, దానిని దిద్దలేదు. మన పద్మనగరపు వీధిలో ఒక ముసలమ్మ మనుమనితో మాటలాడునపుడు ఒక వాక్యములోనే కరీంనగరపు తెలుగును, మరాఠీని, బజారు హిందీని కలుపునుగదా. సంచికకు వ్యాసము వ్రాయ కూర్చుండగానే మనము ఆ ముసలమ్మ నోరు మూయింతుము. మార్కండేయుని గూర్చియు, భావనాఋషిని గూర్చియు ఏటేట వ్రాయుదుము. కండె చుట్టుచు చెల్లెలిని జోకొట్టు పదేండ్ల పిల్లను గూర్చి వ్రాయము. ఈ వ్యాసము సైతము గ్రాంథికపు వాసననే వేయుచున్నదని చదువరులు ఎత్తిచూపవచ్చును, అది నిజమే. విమర్శకు ఈ దుస్తులు సరిపోవచ్చును, కథకు సరిపోవు.

ఇక కేటో మేనర్ సంగతి. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టము జాతికొక పేటను కేటాయించెను. 1958లో కేటో మేనర్ తెల్లవారిదని ప్రకటింపబడెను. ఆఫ్రికనులను క్వామషుకును, భారతీయులను చాట్స్‌వర్త్ మొదలైన కొత్త పేటలకును తరలించిరి. ఇండ్లు పడగొట్టిరి. విచిత్రమేమనగా, అంత కష్టపెట్టి ఖాళీచేయించిన నేలలో అధికభాగము ఎన్నో ఏండ్లు బీడుగానే పడియుండెను. కోవెలలు కొన్ని మాత్రము గడ్డిలో నిలిచియుండెను. మామిడిచెట్లకు పేట పోయిన సంగతి తెలియదు కావున కాయుచునే యుండియుండును.

ఆ నేలపై గోవెండర్ వ్రాసిన కథలసంపుటి 'ఎట్ ది ఎడ్జ్ అండ్ అదర్ కేటో మేనర్ స్టోరీస్'. అది 1996లో, అనగా వర్ణవివక్ష ప్రభుత్వము పోయిన రెండేండ్లకు అచ్చయి, మరుసటి సంవత్సరము ఆఫ్రికా ప్రాంతమునకు ఉత్తమ తొలిగ్రంథముగా కామన్వెల్తు బహుమానము పొందెను. అప్పటికి రచయితకు అరువది దాటినది. ఇండ్లు కూలిన వెంటనే వ్రాసియున్న అవి ఆర్తనాదములై యుండెడివి. మూడు దశాబ్దములు మనస్సులో నానిన తరువాత వ్రాయుటచేత వానిలో నవ్వు చేరినది. ఇల్లు విడువనని భీష్మించిన గృహస్థును చూపునపుడు సైతము ఆయన వానిని వీరునిగా పూజింపడు. వాని మొండితనమును, కోపమును, చిన్న చిన్న గొప్పలను ఉన్నవియున్నట్లు చూపును. చట్టము పడగొట్టినది ఇట్టి మానవుని ఇంటిని అని తెలిసినపుడు కలుగు బాధ, త్యాగమూర్తి ఇల్లు పోయినదన్నప్పుడు కలుగదు.

సంపుటిలో నన్ను మిక్కిలి కదిలించినది '1949' అను కథ. ఆ సంవత్సరము జనవరి నెలలో డర్బన్‌లో ఒక భారతీయ వర్తకునికిని ఒక ఆఫ్రికను బాలునికిని జరిగిన కలహము పెరిగి, ఆఫ్రికనులు భారతీయుల ఇండ్లమీద పడిరి. సర్కారు లెక్కలో చచ్చినవారు 142 మంది. వారిలో ఆఫ్రికనులు 87, భారతీయులు 50. భారతీయులకంటె ఆఫ్రికనులే ఎక్కువమంది చచ్చిరి. పోలీసు తుపాకులు వారివైపే తిరిగినవి. గోవెండర్ ఈ మహా సంఘటనను ఒక జూలూ కార్మికుని కన్నులతో చూపెను. వాడు తన భారతీయ పొరుగువారిని కాపాడుటకై తనవారికి ఎదురు నిలుచును. భారతీయ రచయిత, తనవారి ఇండ్లు కాలిన రాత్రిని గూర్చి వ్రాయుచు, కథానాయకత్వమును ఆఫ్రికనుకు ఇచ్చుట సామాన్య విషయము కాదు.

భీవండివారు ఈ కథను ఊరక చదువలేరు. 1970 మే నెలలోను, మరల 1984 మే నెలలోను మన ఊరు మండినది. సాంచాలు కాలినవి, పడుగులు బూడిదయైనవి, ఒకే కారఖానాలో ప్రక్క ప్రక్కన నిలిచి నాడె మార్చిన హిందువును ముసల్మానును ఒకరినొకరు చూచి తలుపులు వేసికొనిరి. వానిని గూర్చి విచారణ సంఘముల నివేదికలు, పత్రికల వార్తలు కలవు. అవి ఎవరు ముందు రాయి విసరిరని అడుగును. '1949' అడుగు ప్రశ్న వేరు: ఆ రాత్రి ఎవడు ఎవని గుమ్మములో నిలిచెను? మన పెద్దలు ఇంటిలో చెప్పుకొను సంగతులలో ఈ రెండవ ప్రశ్నకు జవాబులు దొరకును. అవి ఇంటిలోనే ఉండిపోవుచున్నవి.

గోవెండర్‌లో లోపములు లేకపోలేదు. పోయిన పేటపై మమకారముచేత ఆయన దానికి కొంత బంగారుపూత పూసినాడు. ఇంతకుమున్ను జ్ఞాపకముంచుకొనుమన్న అద్దె విషయము ఇచ్చట వచ్చును. ఆఫ్రికను గుడిసెవాసికి భారతీయ భూస్వామిపై, కొట్టువానిపై ఉన్న కోపమునకు కారణములు ఉండెను. పై తెల్లప్రభుత్వము ఆ కోపమును పెంచి పోషించినదన్న మాట నిజమైనను, కారణములు ఆ మాటతో తీరిపోవు. మంచి జూలూ పొరుగువానిని మనకు చూపినంత స్పష్టముగా, అద్దె వసూలుకు వచ్చిన భారతీయుని ముఖమును ఆయన చూపలేదు. స్త్రీలు సైతము తరచుగా పురుషుల మాటలలోనే కనిపింతురు. మోతీ కుమార్తె ఏల ఇల్లు విడిచెనో ఆమె నోట వినవలెనని నాకు తోచినది; నాటకము ఆ అవకాశము ఇయ్యలేదు.

2006లో వెలువడిన 'సాంగ్ ఆఫ్ ది ఆత్మన్' అను నవల కేప్‌టౌన్‌లో హోటలు వ్యాపారము చేసిన తన బంధువు జీవితము ఆధారముగా వ్రాసినది. 2008లో వచ్చిన 'ఇన్ ది మెన్యూర్' ఆత్మకథ. రెండును చదువదగినవే. అయినను దీర్ఘరచనలో ఆయన ఊపిరి అంత నిలుకడగా సాగదు. ఆయన శక్తి అరుగుమీది కథకునిది. శ్రోత ఎదుట ఉండవలెను. ఎట్ ది ఎడ్జ్ కథలను చార్లెస్ పిళ్ళె అను నటుడు ఒక్కడే రంగముపై నిలిచి, పేట జనమునంతటిని తన గొంతులో పలికించి ప్రదర్శించెను. ఆ కథలకు అదే సరియైన అచ్చు.

వీనిని తెలుగు చేయదలచువారికి 'లాహ్నీ' అను మాట దగ్గరనే చిక్కు వచ్చును. 'దొర' అన్న పాతబడిపోవును. 'సేఠు' అన్న భీవండిలో వెంటనే అర్థమగును. కాని లాహ్నీ ఎన్నటికిని మోతీ జాతివాడు కాడు, కాలేడు. మన ఊరి సేఠు అనేక పర్యాయములు మనవాడే. నిన్నటివరకు తానును సాంచాపై నిలిచి పన్నెండు గంటలు దారము అతికినవాడే, మన కులపుపెద్దయే, ఈ సంచికకు ప్రకటన ఇచ్చినవాడే. మోతీ పద్మనగరములో పుట్టియున్నచో, కుమార్తె పోయిన రాత్రి మొర పెట్టుకొనుటకు అట్టివాని గుమ్మమునకే పోవలసివచ్చును. అప్పుడు ఆ నాటకమును చూచి మనము నవ్వగలమో లేదో ఆడించి చూడవలసియున్నది.