మునుం పట్టిన చేతులు

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) వైపు వానాకాలంలో మక్కజొన్న చేలకు వెళ్తే, కలుపు తీసే ఆడవాళ్ల పక్కన కాసేపు కూర్చొని వాళ్ల చేతులు చూడండి. కూలి లెక్కల్లో ఇది ఎవరైనా చేసే పని. ఆ లెక్క తప్పు.

మక్క సాలుకూ సాలుకూ 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ 20 సెంటీమీటర్లు ఎడం పెడతారు. తొలి నెల పైచిలుకు ఆకులు నేలను కమ్మవు, కలుపు బలిసేది అప్పుడే. సాళ్ల నడుమ గుంటుక తోలితే అక్కడి గడ్డి పోతుంది. మొక్కల సందుల్లోది మాత్రం కుర్పి పట్టిన చేతికే వదలాలి.

ఆడవాళ్లు మునుం పట్టి వరసగా కదులుతారు. ఎడమచేయి గడ్డిని కూడదీస్తుంది, కుడిచేతి కుర్పి మన్నులోకి దిగుతుంది. ఎంత లోతు దిగాలో గడ్డిని చూసే తేలుస్తారు. గలిజేరుకు మొదలు పట్టి లాగితే చాలు. తుంగ అలా కాదు. దాని గడ్డలు భూమిలో పూసల దండలా ఒకదానికొకటి అల్లుకొని ఉంటాయి. పైన తెంపితే నాలుగు రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. అందుకే కుర్పిని గడ్డ కిందికి పోనిచ్చి పెళ్లగిస్తారు. గరిక కణుపు కణుపుకూ వేరు దిగుతుంది, ముక్క మిగిలినా తడికి బతుకుతుంది. దాన్ని ఏరి చేను బయటికి చేరుస్తారు. మిగతా కలుపును మన్ను దులిపి, వేళ్లు పైకి తిప్పి ఎండలో పడేస్తారు. ఇదంతా చేస్తూనే మక్క మొదలు దగ్గర కుర్పిని ఏటవాలుగా తిప్పుతారు. మక్క పక్కవేళ్లు పైపైనే పాకుతాయి మరి, లోతుగా గుచ్చితే తెగిపోతాయి. అంత వేగంలో అంత జాగ్రత్త నాకు ఎప్పటికీ అబ్బురమే.

విత్తిన 48 గంటల్లోపు అట్రజిన్ అనే కలుపుమందు కొడితే వెడల్పాకు కలుపు చాలావరకు ఆగుతుంది. తుంగ ఆ మందుకు లొంగదు. కందో పెసరో అంతరపంటగా ఉంటే ఆ మందు అసలు కొట్టకూడదు. అలాంటి చేలో పప్పుమొక్కను వదిలి కలుపును మాత్రమే ఏరగలిగేది ఈ చేతులే.

రైతులకు ఒక మనవి. కలుపు పూత పట్టేదాకా ఆగకండి, 20 రోజులకే కూలీలను పిలవండి. వయ్యారిభామ తగిలితే చర్మం దద్దుర్లెక్కుతుంది. అది ఉన్న చేనైతే చేతి తొడుగులు మీరే కొనివ్వండి. కూలి మాట్లాడేటప్పుడు పనితనానికీ విలువ కట్టండి.