రాని రైలు, పండిన గోధుమ

విడ్బీ దీవి నుంచి ఫెర్రీ ఎక్కితే అరగంట పైచిలుకు ప్రయాణం. నీళ్ల మీది మంచు విడిపోతుంటే ముందు గుట్ట మీది కోర్టు గడియారం కనిపిస్తుంది. ఆ తరవాత గుట్ట కింద, ఒడ్డునే, వరసగా మూడు నాలుగంతస్తుల ఇటుక మేడలు. "ఊళ్లో జనం పదివేలే పెదనాన్నా. మేడలు చూస్తే లక్షమంది ఉంటారనిపిస్తుంది" అన్నాడు మా తమ్ముడి కొడుకు. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే మన తెలుగు కుటుంబాలకు పోర్ట్ టౌన్‌సెండ్ ఒక శనివారం ప్రయాణం. పులిహోర డబ్బా కారులో పెట్టుకుని వస్తారు, వాటర్ స్ట్రీట్‌లో ఐస్‌క్రీమ్ తింటారు, లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు దిగుతారు, చీకటి పడకముందే ఫెర్రీ లైనులో నిలబడతారు. నేనూ మొదటిసారి అలాగే చూశాను. ఆ పిల్లవాడి మాట మాత్రం మనసులో ఉండిపోయింది. జనం లేని ఊరికి ఇన్ని మేడలు ఎందుకు?

దానికి జవాబు రెండేళ్ల తరవాత, భూగోళానికి అవతలి కొసన, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో దొరికింది. మా అమ్మాయి డునెడిన్‌లో చదువుకుంటున్నప్పుడు ఉత్తరంగా వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణం చేసి ఓమరూ అనే రేవుకు వెళ్లాం. ఇదీ విక్టోరియా మహారాణి కాలపు ఊరే. జనం దాదాపు పద్నాలుగు వేలు. ఇక్కడా ఊరికి మించిన మేడలు. ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెడితే తప్ప ఏ ఒక్కటీ పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం.

పోర్ట్ టౌన్‌సెండ్ 1851లో పుట్టింది. పునాది వేసిన నలుగురిలో ఒకడైన ఫ్రాన్సిస్ పెటీగ్రోవ్ అంతకుముందే ఆరెగాన్‌లో నాణెం ఎగరేసి గెలిచి, ఒక ఊరికి పోర్ట్‌లాండ్ అని పేరు పెట్టినవాడు. ఆయన ఇక్కడికి వచ్చి కలిసిన ఊరు కూడా చివరికి పందెం మీదే నడిచింది. 1854లో కస్టమ్స్ కార్యాలయం వచ్చింది. ప్యూజెట్ సౌండ్‌లోకి అడుగుపెట్టే ప్రతి విదేశీ ఓడా ఇక్కడ ఆగి సుంకం కట్టాలి. ఓడలు ఆగితే నావికులు దిగుతారు, నావికులు దిగితే సారా దుకాణాలు. తాగి పడిపోయినవాణ్ణి మోసుకెళ్లి ఇంకో ఓడలో పడేసి డబ్బులు తీసుకునే దళారులూ ఇక్కడ ఉండేవారు. అందుకే పెద్దింటివాళ్లు గుట్ట మీద ఇళ్లు కట్టుకున్నారు, వ్యాపారమూ అల్లరీ గుట్ట కింద మిగిలాయి. పైకీ కిందికీ నడుమ మెట్లు. ఆ మెట్లెక్కి పైకి వెళ్తే 1890లో కట్టిన చెక్క గంటస్తంభం ఉంటుంది. నిప్పంటుకుంటే ఎన్ని గంటలు కొట్టారో లెక్కపెట్టుకుని ఏ పేటలో మంటో తెలుసుకునేవారట.

కానీ ఆ మేడలు సుంకం డబ్బుతో లేచినవి కావు. 1880ల చివర్లో ఖండాంతర రైలు తమ ఊరికే వస్తుందని జనం నమ్మారు. వాటర్ స్ట్రీట్ మేడల్లో చాలావాటి నుదుట 1889, 1890 అనే అంకెలు ఉంటాయి, ఒక్క ఊపులో కట్టేసినట్టు. క్విల్సీన్ దాకా పట్టాలు పడ్డాయి. ఆ పని చేపట్టిన కంపెనీ 1890 నవంబరులో చేతులెత్తేసింది. 1893 ఆర్థిక సంక్షోభం మిగతాది ముగించింది. కోర్టు భవనం పూర్తయింది 1892లో. గడియారం తిరగడం మొదలయ్యేనాటికి చూసి పరుగెత్తాల్సిన పనే ఊళ్లో లేకపోయింది. పై అంతస్తులు దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉన్నాయి. 1927, 28ల్లో కాగితపు మిల్లు వచ్చి ఊరికి కూడు పెట్టింది. గాలి అటు నుంచి వీస్తే ఇప్పటికీ ఆ గంధకపు వాసన వాటర్ స్ట్రీట్ దాకా వస్తుంది. ముక్కు మూసుకునే యాత్రికులకు తెలియదు కానీ, ఈ మేడల్ని కూలనివ్వకుండా ఊళ్లో మనుషుల్ని నిలిపిన వాసన అదే.

ఓమరూ మేడలు అలా ఆశ మీద లేచినవి కావు. వాటి వెనక నిజంగా పండిన పంట ఉంది. ఉత్తర ఒటాగో గోధుమ, గొర్రెల ఉన్ని, ఊరికి కాస్త దక్షిణాన టొటారా ఎస్టేట్‌లో కోసిన గొర్రె మాంసం. 1882 ఫిబ్రవరి 15న పోర్ట్ చామర్స్ నుంచి డునెడిన్ అనే ఓడ దాదాపు 5,000 గొర్రెల మాంసాన్ని గడ్డకట్టించి లండన్‌కు తీసుకెళ్లింది. న్యూజిలాండ్ బతుకునే మార్చిన ఆ సరుకు బయలుదేరింది ఈ పొలాల నుంచే. ఆ డబ్బు రాయిగా మారింది. పక్కనే తవ్వే సున్నపురాయి రంపంతో కోసుకునేంత మెత్తన, గాలి తగిలాక గట్టిపడుతుంది. బ్యాంకుల ముందు రోమన్ గుడుల్లాంటి స్తంభాలు, గోదాముల తలుపుల మీద కూడా పూలతీగల చెక్కడాలు. నేను ఒక గోదాము గోడకు అరచెయ్యి ఆనించి తీస్తే తెల్లటి పొడి అంటింది. దగ్గరగా చూస్తే ఆ రాయి నిండా పొడిపొడి గవ్వల తునకలు. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నదే ఈ ఊరికి గోడలయింది. పోర్ట్ టౌన్‌సెండ్ ఇటుకలో నాకు ఈ అనుభవం లేదు. అవి ఏ ఊళ్లోనైనా నిలబడగల మేడలు. ఓమరూ మేడల్ని ఆ నేల నుంచి విడదీసి ఊహించలేం. కట్టడాల వరకు వస్తే నా ఓటు నిస్సందేహంగా ఓమరూకే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. పోర్ట్ టౌన్‌సెండ్‌లో ఎవరిని అడిగినా ఒకటే కథ: రైలు వచ్చి ఉంటే మన ఊరు సియాటిల్ అయ్యేది. ఈ మాటను నేనూ నమ్మేశాను, ఓమరూ చూసేదాకా. ఎందుకంటే ఓమరూకు రైలు వచ్చింది. క్రైస్ట్‌చర్చ్‌ నుంచి డునెడిన్‌కు వేసిన మార్గం 1878లో పూర్తయి ఈ ఊరి మీదుగానే పోయింది. అయినా ఊరు మునిగింది. 1868 ఫిబ్రవరిలో ఒక్క తుపానులో ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయాక, 1871లో అలలకు అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టారు. 1884కు గాని అది పూర్తి కాలేదు. అప్పటికి అప్పు గోడకన్నా పెద్దదయింది. ధాన్యం ధర పడిపోయింది. ఓడలు పెద్దవై ఈ చిన్న రేవును దాటుకుని పోయాయి. సరుకు రైలెక్కి పెద్ద రేవులకు వెళ్లింది. రైలు ఊరికి సరుకు తేవడమే కాదు, ఊరి నుంచి సరుకు తీసుకుపోవడం కూడా చేస్తుంది. 1974లో సరుకు ఓడల రేవుగా ఓమరూ మూతపడింది. కాబట్టి పోర్ట్ టౌన్‌సెండ్ చెప్పుకునే కథలో దుఃఖం నిజం, కారణం మాత్రం సగమే.

రెండు ఊళ్లకూ డబ్బు లేకపోవడమే రక్ష అయింది. కూల్చి కొత్తవి కట్టే స్తోమత ఉంటే ఈ మేడలు ఏనాడో పోయేవి. 1970లలో పోర్ట్ టౌన్‌సెండ్ ఖాళీ గదుల్లోకి చవక అద్దెలకు కళాకారులూ పడవల పనివాళ్లూ చేరారు. 1977లో ఊరిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఓమరూలో 1987లో ఒక ట్రస్టు ఏర్పడి రేవు పక్కన పాడుబడిన గోదాముల్ని కొనడం మొదలుపెట్టింది. సాహిత్యం కూడా అద్దె తక్కువున్న చోటే తలదాచుకుంటుంది కాబోలు. పోర్ట్ టౌన్‌సెండ్‌లోని వర్డెన్ కోటలో సైనికులు ఖాళీ చేసిన కట్టడంలో కాపర్ కాన్యన్ ప్రెస్ కవిత్వ పుస్తకాలు వేస్తూ యాభై ఏళ్లు దాటింది. ఓమరూలో ఈడెన్ స్ట్రీట్ 56వ నంబరు ఇంట్లో రైల్వే కార్మికుడి కూతురు, రచయిత్రి జానెట్ ఫ్రేమ్ పెరిగింది. కోట పెద్దది, తుపాకుల అరుగులు పెద్దవి, పిల్లలకు బాగుంటుంది. నాకు ఆ చిన్న ఇల్లే నిలిచిపోయింది.

యాత్రికులకు ఈ రెండు ఊళ్లూ 1851 నుంచో 1860ల నుంచో మొదలైనట్టు కనిపిస్తాయి. అది అబద్ధం. పోర్ట్ టౌన్‌సెండ్ ఒడ్డున ఎస్‌క్లాలం జాతివాళ్ల కటాయ్ అనే పల్లె ఉండేది. వాళ్ల నాయకుడు చెట్జెమోకా తెల్లవాళ్లతో స్నేహంగా మెలిగాడు. 1855లో ఒడంబడిక అయింది. 1871లో ఆ జనాన్ని తరలించి ఇళ్లు తగలబెట్టారు. ఓమరూ వైపు భూమి 1848 నాటి ఒక పత్రంతో రెండు వేల పౌండ్లకు చేతులు మారిన మహా విస్తీర్ణంలో భాగం. మాట ఇచ్చిన భూములు దక్కక టె మైహరోవా అనే మావోరీ గురువు 1877లో తన జనంతో లోపలి లోయలోకి నడిచివెళ్లాడు. 1879లో పోలీసులు వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టారు. ఓమరూలో స్తంభాల మేడలు లేస్తున్న ఏళ్లు సరిగ్గా అవే. ఈ విషయంలో పోర్ట్ టౌన్‌సెండ్ ఒక మంచి పని చేసింది. 2019లో చెట్జెమోకా పేరుతో ఊరంతా తిరిగే ఒక నడకదారి వేసి, ఏ చోట ఏం జరిగిందో పలకల మీద రాసి పెట్టింది. కాళ్లతో నడిస్తే తప్ప తెలియని చరిత్ర అది. ఓమరూ గోదాముల వీధిలో నాకు అంత స్పష్టమైన మాట కనిపించలేదు.

సరే, నీటి అంచుకు వద్దాం. రేవు ఊరిని విమర్శించాలంటే మేడల ముఖాలు చూసి లాభం లేదు. నీళ్ల దగ్గర ఏం జరుగుతోందో చూడాలి.

పోర్ట్ టౌన్‌సెండ్ దక్షిణ కొసన బోట్ హేవెన్ అనే పడవల యార్డు ఉంది. మూడు వందల టన్నుల పడవను నీళ్లలోంచి ఎత్తి ఒడ్డున పెట్టే యంత్రం ఉంది అక్కడ. నడకదారి ఆ యార్డు మధ్యలోంచే పోతుంది, కంచె లేదు, టికెట్ లేదు. 1940లో రచయిత స్టైన్‌బెక్ కాలిఫోర్నియా సింధుశాఖకు వెళ్లిన వెస్టర్న్ ఫ్లయర్ అనే చేపల పడవ తరవాతి రోజుల్లో మునిగి, బురదలో పడి, చివరికి చేరింది ఇక్కడికే. ఈ ఊరి పనివాళ్లు పలక పలకా మార్చి 2022లో మళ్లీ నీళ్లలోకి దింపారు. నేను వెళ్లిన రోజు ఒక పాత చెక్క పడవ కింద ఒకతను మోకాళ్ల మీద కూర్చుని పలకల సందుల్లో దూది పేనిన తాడు పెట్టి, ఉలిలాంటి ఇనుముతో, కొయ్య సుత్తితో కూరుతున్నాడు. టక్, టక్, టక్. తాళ్ళరేవులో చెక్క ఓడలు కట్టడం చూసినవాడికి ఈ చప్పుడు పరాయిది కాదు. నేను నిలబడి చూస్తుంటే తల ఎత్తకుండానే, సుత్తి చప్పుడు మారితే సందు నిండినట్టు అని చెప్పాడు. నిజమే. బోలుగా మోగింది కాస్తా నాలుగు దెబ్బల తరవాత గట్టిగా, పొట్టిగా మోగింది. చేతులకు తారు మరకలు. గుట్ట మీది అందమైన ఇళ్లలో దేన్నీ ఈ మనిషి కొనలేడు. ఇళ్ల ధరలు పనివాళ్లను ఊరి బయటికి నెడుతున్నాయి. ఈ ఊరికి ఇవాళ ఉన్న అసలు ప్రమాదం అదే. మేడలు మిగిలి ఈ సుత్తి ఆగిపోతే పోర్ట్ టౌన్‌సెండ్ అందమైన పెట్టె మాత్రమే అవుతుంది.

ఓమరూ తన గోదాముల్ని వేడుకకు ఇచ్చింది. నవంబరులో జనం పాతకాలపు గౌన్లు, పొడుగు టోపీలు వేసుకుని ముందు చక్రం ఎత్తుగా, వెనక చక్రం చిన్నగా ఉండే సైకిళ్ల మీద పందేలు ఆడతారు. 1883లో కట్టిన ధాన్యపు గోదాములో ఇప్పుడు ఆవిరి యంత్రాల ఊహాలోకం ప్రదర్శన ఉంది, ఎన్నడూ జరగని పందొమ్మిదో శతాబ్దం. పిల్లలు కేరింతలు కొట్టారు. నాకు మాత్రం మనసు విరిగింది. గోధుమ బస్తాలు మోసిన భుజాల గురించి చెప్పాల్సిన గోడల మధ్య లేని కాలాన్ని కల్పించాల్సిన అవసరం ఏమొచ్చింది? ఈ రేవుకు జరిగిన కథలే ఎన్నో ఉన్నాయి. 1913 ఫిబ్రవరి 10, తెల్లవారుజామున ఒక ఓడ వచ్చి రేవు బయట ఆగింది. ఇద్దరు మనుషులు చిన్న పడవలో ఒడ్డుకు వచ్చారు. ఓడ పేరు అడిగితే చెప్పలేదు. పొద్దున తంతి కార్యాలయం తెరిచాక లండన్‌కు తంతి కొట్టారు. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ కెప్టెన్ స్కాట్, ఆయన తోడున్నవాళ్లు చనిపోయారన్న వార్త ప్రపంచానికి చేరింది ఈ చిన్న రేవు నుంచే.

అయినా నీటి అంచున ఓమరూ నన్ను గెలుచుకుంది, మనుషులతో కాదు, పక్షులతో. 1884 నాటి సంప్టర్ వార్ఫ్ మీదికి ఇప్పుడు మనుషుల్ని పోనివ్వరు. చెక్కలు బలహీనపడ్డాయి. దాన్ని ఒటాగో నీటికాకులు ఆక్రమించుకుని గూళ్లు పెట్టుకున్నాయి. గోధుమ బస్తాలు దొర్లిన చోట రెట్టలతో తెల్లబడిన చెక్కలు, వాటి మీద నిలబడ్డ పక్షులు. ఇంకాస్త ముందుకు నడిస్తే అలల అడ్డుగోడ కోసం రాయి తవ్విన క్వారీ వస్తుంది. పని ఆగిపోయాక నీలి పెంగ్విన్‌లు ఆ గుంటలోకి చేరాయి. ప్రపంచంలోకెల్లా చిన్న పెంగ్విన్‌లు, కేజీ బరువు ఉంటుందేమో.

చీకటి పడ్డాక చలిలో బెంచీల మీద కూర్చున్నాం. మా అమ్మాయి శాలువా నా భుజం మీద కప్పింది. "నాన్నా, నీళ్ల మీద ఆ నల్లటి మచ్చ చూడండి" అంది. ఆ మచ్చ ఒడ్డుకు కొట్టుకొచ్చి విడిపోతే ఇరవై, ముప్పై పక్షులు. రోజంతా సముద్రంలో తిరిగి అలసిపోయాయి. రాళ్ల మీద ఒకటి జారింది, లేచి నిలబడింది, ఒళ్లు దులుపుకుంది. అప్పులు చేసి తవ్విన ఆ రాళ్ల నడుమ అవి తడబడుతూ ఎక్కి, పొట్టి గడ్డి దాటి, తమకోసం చెక్కతో చేసి పెట్టిన నంబర్ల పెట్టెల్లోకి ఒక్కొక్కటే దూరాయి. లోపలి నుంచి ఆకలిగొన్న పిల్లల అరుపులు.