కంటికి గడువు

ఆంథొనీ మెకాల్ అనే బ్రిటిష్ కళాకారుడు 1973లో ఒక సినిమా తీశాడు. పేరు 'లైన్ డిస్క్రైబింగ్ ఎ కోన్'. 16 ఎంఎం ఫిల్మ్, అరగంట నిడివి. అందులో కథ లేదు, మనిషి లేడు, మాట లేదు. నల్లటి తెర మీద ఒక తెల్లచుక్క పుడుతుంది. అది మెల్లగా గీతై, వంపు తిరిగి, అరగంటకు నిండు సున్నా అవుతుంది. తెర మీద జరిగేది అంతే. చూడాల్సింది మాత్రం తెరని కాదు, ప్రొజెక్టర్‌కీ తెరకీ నడుమ ఖాళీగా ఉన్న చోటుని. మొదట అక్కడ ఒక వెలుగు తీగ సాగుతుంది. చుక్క గీత అవుతున్నకొద్దీ ఆ తీగ వెడల్పై, ఒంపు తిరిగి, చివరికి గది పొడవునా పరుచుకున్న బోలు శంకువై నిలుస్తుంది. జనం దాని చుట్టూ తిరుగుతారు, లోపలికి తల దూరుస్తారు, అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తారు.

టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్ మీద కూర్చుని, ఆట మధ్యలో వెనక్కి తిరిగి చూసిన పిల్లలందరికీ ఈ వెలుగు తెలుసు. బీడీ పొగలోంచి, కాళ్ల కింద లేచిన దుమ్ములోంచి, తలల మీదుగా పోయే ఆ కిరణాలు తెర మీది బొమ్మకేమీ తీసిపోవు. మెకాల్ ఆ కిరణాలనే సినిమాగా చేశాడు.

మొదట్లో ఆయన దాన్ని న్యూయార్క్‌లో, కళాకారులు మకాం పెట్టిన పాత ఫ్యాక్టరీ అంతస్తుల్లో ఆడించేవాడు. అక్కడ దుమ్ముకీ సిగరెట్ పొగకీ కొదవ లేదు. అదే ఫిల్మ్‌ని స్వీడన్‌లో ఒక మ్యూజియంలో వేస్తే శంకువు కనపడలేదు. హాలు శుభ్రంగా ఉంది, లోపల ఎవరూ పొగ తాగడం లేదు. ప్రొజెక్టర్ తిరుగుతోంది, వెలుగు గదిని దాటి గోడకు చేరుతోంది, దారిలో దానికి తగలడానికి ఏమీ లేదు. 1970ల చివర్లో మెకాల్ కళను పక్కన పెట్టి గ్రాఫిక్ డిజైన్ పనిలోకి వెళ్లిపోయాడు. రెండు దశాబ్దాల పైచిలుకు తర్వాతే తిరిగి వచ్చాడు. అప్పటికి నాటకాల వాళ్లూ పాట కచేరీల వాళ్లూ వాడే, గాలిలో పల్చని పొగ నింపే హేజ్ మిషన్ చేతికొచ్చింది. ఇప్పుడాయన పనులు ఎంత శుభ్రమైన హాల్లోనైనా కనిపిస్తాయి.

నాటకాలకు లైటింగ్ చేసే నాకు ఇది పక్కింటి కథలా వినిపిస్తుంది. రిహార్సల్లో దర్శకుడు "అమ్మాయి ముఖం తేలడం లేదండీ, కాస్త లైటు పెంచండి" అంటాడు. నేను వెనక తెర మీది లైటు తగ్గిస్తాను. ముఖం తేలుతుంది. ఆయన సంతోషిస్తాడు. వాట్లు పెంచి సాధించగలిగేది చాలా కొంచెం. పక్కన ఎంత చీకటి ఉంది, అంతకు ముందు సీను ఎంత వెలుతురులో నడిచింది, చూసేవాళ్ల కన్ను ఎంతసేపటిగా ఆ మసకలో ఉంది అన్నవాటి మీదే పని నడుస్తుంది. నిండు వెలుతురు సీను అవగానే దీపం వెలుగు సీను పెడితే మొదటి రెండు నిమిషాల నటన ఎవరికీ అందదు. ఈ మాట ప్రతి కొత్త దర్శకుడికీ చెబుతాను.

కన్ను మసకకు అలవాటు పడే ఈ తీరుని ఒక కళగా చివరిదాకా తీసుకెళ్లినవాడు జేమ్స్ టరెల్. 1943లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు, పొమోనా కాలేజీలో మనస్తత్వశాస్త్రం చదివాడు, అందులోనూ కన్ను చూసేదాన్ని మనసు ఎలా అర్థం చేసుకుంటుందన్న విషయం. విమానం నడపడం తెలుసు. 1960లలో శాంటా మోనికాలో మెండోటా అనే పాత హోటల్‌ని అద్దెకు తీసుకుని, కిటికీలు మూసేసి, గోడలకు తెల్లరంగు వేసి, వీధిలో పోయే కార్ల లైట్లనూ సిగ్నల్ దీపాలనూ సన్నని సందుల్లోంచి లోపలికి రానిచ్చి కూర్చునేవాడు. బొమ్మ లేదు, శిల్పం లేదు. వెలుగు గోడ మీద ఎలా నడుస్తుందో చూడటమే పని.

ఆయన పనుల్లో నన్ను విడవనిది జపాన్‌లోని నవోషిమా ద్వీపంలో ఉంది. హొన్‌మురా అనే ఊరి ఇళ్ల మధ్య తడావో ఆండో కట్టిన చెక్క భవనం. మినామిదెరా అంటారు. 1999లో టరెల్ అందులో 'బ్యాక్‌సైడ్ ఆఫ్ ద మూన్' అనే గదిని చేశాడు. కొద్దికొద్ది మందిని లోపలికి తీసుకెళ్తారు. గోడకు చెయ్యి ఆన్చి నడవాలి. ఆ తర్వాత బెంచి మీద కూర్చోవాలి. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. పక్కన కూర్చున్న మనిషి ఊపిరి వినిపిస్తుంది. సమయం ఎంతయిందో అంచనా తప్పిపోతుంది. కొన్ని నిమిషాలకు ఎదురుగా ఏదో ఉన్నట్టు అనుమానం. ఇంకాసేపటికి అది బూడిదరంగులో ఒక పెద్ద నలుచదరంగా తేలుతుంది. డిమ్మర్‌ని ఎవరో గోరంత గోరంతగా పైకి జరుపుతున్నట్టే ఉంటుంది. ఎవరూ జరపరు. మీరు గుమ్మం దాటినప్పుడూ ఆ వెలుగు అక్కడ అంతే ఉంది. మారింది మీ కన్ను.

ఈ మార్పు వెనకున్న పని నాకెంతో ఇష్టమైన విషయం. చీకట్లోకి వెళ్లగానే కంటిపాప విచ్చుకుంటుంది, అది సెకన్ల వ్యవహారం. అసలు పని రెటీనాలో. అక్కడి రాడ్ కణాల్లో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విడిపోతుంది, చీకట్లో నెమ్మదిగా మళ్లీ కూడుకుంటుంది. పగటి చూపుకి, రంగులకి పనికొచ్చే కోన్ కణాలు పది నిమిషాల్లో తమ హద్దుకు చేరిపోతాయి. రాడ్‌లు పూర్తిగా తెప్పరిల్లడానికి అరగంట దాటుతుంది. వాటికి రంగు తెలియదు, అందుకే ఆ గదిలో మొదట కనిపించేది బూడిదరంగు. టరెల్ వాడిన సరుకు అక్కడి బల్బు కాదు, ఈ రోడాప్సిన్ తిరిగి కూడుకునే వేగం. ఇంత సూక్ష్మమైన సరుకుతో పని చేసిన శిల్పిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయన మిగతా పనుల్లో కొన్ని దీనికి పూర్తిగా తిరగేసినవి. మూలలు గుండ్రంగా చెక్కి, అంచన్నది లేకుండా చేసి, ఒకే రంగు వెలుగుతో నింపిన గదులు. జర్మన్‌లో గాంజ్‌ఫెల్డ్ అంటారు. చూపుకి పట్టు దొరక్క గోడ దగ్గరుందో దూరముందో తెలియదు. 1980లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో ఆయన ప్రదర్శనకు వచ్చినావిడ లేని గోడను ఉందనుకుని ఆనుకోబోయి పడిపోయింది, సంగతి కోర్టు దాకా వెళ్లింది. ఒట్టి వెలుగుకి గోడంత బరువు వచ్చిందన్నమాట.

కంటి చాటున పని కానిచ్చే టరెల్‌కి ఎదురుగా, అన్నీ విప్పి చూపించే కళాకారుడు ఓలఫర్ ఎలియాసన్ ఉన్నాడు. 2003 అక్టోబర్ నుంచి 2004 మార్చి వరకు లండన్ టేట్ మోడర్న్‌లోని టర్బైన్ హాల్లో ఆయన 'ద వెదర్ ప్రాజెక్ట్' ఉంచాడు. సుమారు 200 పసుపు దీపాలతో అర్ధవృత్తం, పైకప్పుకి అద్దాలు. సగం సూర్యుడికి అద్దంలోని సగం కలిసి నిండు బింబం. హాలునిండా పల్చని పొగమంచు. ఆ దీపాలు ఒకే తరంగదైర్ఘ్యం దగ్గర వెలిగేవి కాబట్టి ఎర్రచీర కట్టుకొచ్చినా నీలం చొక్కా తొడుక్కొచ్చినా మిగిలేవి పసుపూ నలుపే. సూర్యుడి వెనక్కి నడిచి వెళ్తే దీపాలూ తీగలూ ఇనుప చట్రమూ అన్నీ కనిపించేవి. అయినా జనం వచ్చి నేల మీద వెల్లకిలా పడుకున్నారు, అద్దంలో తమ బొమ్మలు వెతుక్కున్నారు. ఇరవై లక్షల మంది చూశారంటారు. మర్మం తెలిసినా మత్తు దిగలేదు. టరెల్ కన్నా ఎలియాసన్ చేసింది కష్టమేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

తోలుబొమ్మలాట గురించి చెప్పకుండా ఈ విషయం వదలలేను. మేకతోలుని పల్చగా గీకి, అవతలి వెలుగు కనిపించేలా చేసి, రంగులద్ది, నగలున్న చోటల్లా చిల్లులు కొడతారు. అందువల్ల మన బొమ్మకి నల్లనీడ కాదు, రంగునీడ పడుతుంది. చిల్లుల్లోంచి వచ్చే తెల్లని చుక్కలే హారాలు, కిరీటాలు. బొమ్మని తెరకి అదిమిపెడితే గీత గీసినట్టుంటుంది. కాస్త వెనక్కి లాగితే పెద్దదై చెదురుతుంది. ఒకప్పుడు వెనక ఆముదం దీపాలుండేవి. ఆ మంట కదలికకి, ఊరకే నిలబెట్టిన హనుమంతుడు కూడా ఊపిరి తీసుకునేవాడు. బల్బు వచ్చాక ఆ ఊపిరి పోయింది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ తోలుపని ఇంకా బతికి ఉంది, ఎక్కువగా లాంప్‌షేడ్ల రూపంలో. అది ఇళ్లు నడిపే పని, దాన్ని చిన్నచూపు చూడను. కానీ ఆ చేతులకి ఒక చీకటి గదీ, కదిలే మంటా ఇచ్చి చూడాలని నాకు చాలా కోరిక. కళాకారిణి నళినీ మలాని అలాంటి దారిలోనే వెళ్లింది. పారదర్శకమైన మైలార్ ప్లాస్టిక్ సిలిండర్ల లోపలివైపు బొమ్మలు వేసి, వాటిని తిప్పుతూ, లోంచి వెలుగు పంపి గోడలన్నీ నీడలతో నింపుతుంది. 2012లో జర్మనీలోని కాసెల్‌లో, డాక్యుమెంటా అనే కళా ప్రదర్శనలో ఆమె పెట్టిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ వానిష్డ్ బ్లడ్' ఆ పద్ధతిదే. తన పనిని ఆమె వీడియో షాడో ప్లే అంటుంది.

ఈమధ్య పెద్ద ఊళ్లలో ఇమర్సివ్ షోలు వస్తున్నాయి. పేరున్న చిత్రకారుల బొమ్మల్ని ప్రొజెక్టర్లతో నాలుగు గోడల మీదా నేల మీదా పరిచి, సంగీతం పెడతారు. పిల్లలు సంబరపడతారు, అది మంచిదే. నా అభ్యంతరం ఒక్కటే. అక్కడ వెలుగు బొమ్మను మోసే కూలీ. కొన్ని క్షణాలకోసారి గోడ మారిపోతుంది, మధ్యలో ఫోన్ తెరలు వెలుగుతుంటాయి, కన్ను దేనికీ అలవాటు పడదు. అరగంట కావలసిన పనికి అర నిమిషం ఇస్తున్నారు.

అందుకే హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఒక చీకటి గది కావాలి. ఖర్చు ప్రొజెక్టర్లకు కాదు, తలుపు సందులు మూయడానికి, ఏసీ మీద వెలిగే పచ్చచుక్క మీద కూడా టేపు అంటించడానికి అవుతుంది. ఒకసారికి ఎనిమిది మంది. ఫోన్లు బయట అరలో పెట్టించి, ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని బెంచి దాకా నడిపించే మనిషి ఉండాలి. ఆ మనిషి తొందరపెట్టకూడదు. ఒక నటుడికి ఆ పని అప్పగించమని నేను అడుగుతాను. చీకట్లో గొంతు ఎంత తగ్గించాలో వాళ్లకు తెలుసు.