హృదయశబ్దవిచారము

గుండెకుఁ బేరైన హృదయశబ్దమందలి హృ, ద, య అను మూఁడక్షరములును మూఁడు ధాతువులే యని బాలురకు బోధించువారు కలరు. బృహదారణ్యకమును (5-3) ప్రమాణముగాఁ జూపుదురు. అందు తెచ్చుట, ఇచ్చుట, పోవుట యను నర్థము లక్షరములకుఁ జెప్పఁబడిన మాట నిజమే. కాని ఛాందోగ్యము (8-3-3) హృత్తునం దాత్మ యున్నది గావున హృదయమని వేఱొక విధముగాఁ జెప్పినది. రెండును వ్యుత్పత్తులే యైనచో నొక శ్రుతి మఱియొకదానిని బాధింపవలసివచ్చును. అవి యుపాసనార్థములైన నిర్వచనములు, ప్రకృతిప్రత్యయవిభాగములు గావు.

ఉణాదులలో ‘హృ’ ధాతువునకు ‘కయన్’ ప్రత్యయమును, ‘దుక్’ ఆగమమును విధింపఁబడినవి. ఆగమము కిత్తగుటచే ధాతువున కంతమున నిలుచును. ప్రత్యయము కిత్తగుటచే ఋకారమునకు గుణము రాదు. కావున హృ-ద్-అయ యనుటయే విభాగము. ‘ద’ యందలి హల్లు ఆగమమునది, అచ్చు ప్రత్యయమునది. రెండవయవములు పంచుకొన్న యక్షరమును ధాతు వనుట యెట్లు?

స్వరమును దీనికే సాక్షి. ప్రత్యయము నిత్తగుటచే (6-1-197) పద మాద్యుదాత్తము. వేదపాఠమందును ‘హృ’యే యుదాత్తము. అయినను వల్లించునపుడు, ఉదాత్తమునకుఁ బరమై స్వరితమైన ‘ద’యే యెత్తుగా వినవచ్చును. చెవిని నమ్మి ‘ద’ యుదాత్త మనిన శిష్యు నొకని నేను మందలించితిని. స్వరితలక్షణము ముందుగాఁ జెప్పకపోవుట నా తప్పే.