‘దిద్దుబాటు’ కథలో పుట్టినింటి ప్రసక్తి

విజయనగరమున నివసించి రచన సాగించిన గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికయందు వెలువడినది. సానిపాటల మోజున రాత్రులు ఆలస్యముగా ఇల్లు చేరు గోపాలరావును, భార్య కమలిని ఒక ఉత్తరముతో సరిదిద్దిన వృత్తాంతమిది. దీనిని భర్త పరివర్తన దృష్టితోను, స్త్రీవిద్య దృష్టితోను పరిశీలించుట పరిపాటి. ఆ దృష్టులు సరియైనవే. కాని ఆ ఉత్తరమునకు అంతటి బలమెక్కడిదన్న ప్రశ్న మిగిలియే యున్నది. కమలిని కన్నవారింటికి పోవుచున్నానని వ్రాసినది. ఆ ఒక్క మాటయే గోపాలరావును కలవరపరచినది.

ఆ కాలమున అగ్రవర్ణ గృహిణికి విడాకులు లేవు. భర్తకు వేరుగా నివసించి మనోవర్తి కోరు హక్కునకు ప్రత్యేక శాసనము 1946లోను, మద్రాసు రాజధానిలో హిందువుల విడాకుల శాసనము 1949లోను, దేశమునకు వర్తించు హిందూ వివాహ చట్టము 1955లోను వచ్చినవి. అంతకుముందు ఎడబాటునకు అందరెరిగిన రూపము పుట్టినింటికి పోవుటయే. కావున దంపతుల కలహము వెంటనే రెండు కుటుంబముల కలహమగును. అత్తవారు దోషమును కోడలిపై మోపుదురు. అన్నదమ్ములు ఆమెను భారముగా తలతురు. పెండ్లికాని చెల్లెండ్రకు సంబంధము చూడవచ్చినవారు కారణమడుగుదురు. మేనరికమైనచో చిక్కు ఇనుమడించును. అత్తయే మేనత్తయో, మామయే మేనమామయో యగుటచే ఆలుమగల ఎడబాటు అన్నాచెల్లెండ్ర రాకపోకలను సైతము తెంచును.

ఇందుకు భిన్నముగా, శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల శ్రమజీవులలో పెక్కు కులములకు మారుమనువు ఆచారసమ్మతము. కులపెద్దల యెదుట ఓలి లెక్కలు తేల్చుకొని విడిపోవుట కలదు. 1955 చట్టపు 29వ సెక్షను ఇట్టి ఆచారసిద్ధమైన విడాకులను నిలిపియుంచినది. తెగినది తెగినట్లు పదుగురిలో చెప్పుకొనుటచే ఉభయపక్షములకు పగ మిగులు అవకాశము తగ్గును. అయినను ఆ తగవు ఎల్లప్పుడు స్త్రీకి న్యాయమే చేసినదని చెప్పజాలము.

ఈ భేదమును మనసున నుంచుకొని చదివినచో కథానిర్మాణమందలి ఒక విశేషము గోచరించును. ఇందు అత్తమామలు లేరు. కమలిని తల్లిదండ్రులు కనబడరు. సాక్షి సేవకుడు రాముడొక్కడే. భార్యను తీసికొని వచ్చుటకు గోపాలరావు తాను బయలుదేరక రాముని పంప జూచును. మామగారి యెదుట తలవంచి నిలుచుటకంటె నౌకరును పంపుట సులభము గదా! పెద్దలు నడపవలసిన రాయబారము రాముని పాలగుటలో హాస్యమును కలదు, గోపాలరావు పిరికితనమును కలదు.

అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ను ఇచట పోల్చి చూడవచ్చును. 1897లో అచ్చై, 1909లో మార్పులతో మరల వెలువడిన ఆ నాటకమున, వెంకమ్మ కుమార్తె సుబ్బి పెండ్లిని తప్పించుటకు వెంకమ్మ సోదరుడు కరటకశాస్త్రి పూనుకొనును. అందు పుట్టినింటివాడు స్వయముగా రంగము పైకి వచ్చి కార్యము నడపును. ‘దిద్దుబాటు’లో పుట్టినిల్లు ఉత్తరములోని మాటగా మాత్రమే నిలిచి తన పని చేయును.

కమలిని మంచము క్రిందనుండి నవ్వుటతో కథ సుఖాంతమైనది. ఆ నవ్వు గోపాలరావుతోపాటు ఆమె కన్నవారిని కూడ ఒక కఠిన పరీక్షనుండి తప్పించినది. ఆమె నిజముగా రైలెక్కి యుండినచో తండ్రి ఎన్నినాళ్లు ఉంచుకొనును? ఇరుగుపొరుగునకు తల్లి ఏమని సమాధానము చెప్పును? ఈ ప్రశ్నలను కథ వెలుపలనే విడిచినది. పుట్టినింట ఆదరణ లభించునన్న నమ్మిక గలదు కావుననే కమలిని బెదిరింప గలిగినది, భర్త బెదరెను. ఆ నమ్మిక లేని స్త్రీ చేతిలో అదే ఉత్తరము వట్టి కాగితము.

నేడు చట్టము విడాకులనిచ్చినది. వాకిలి తెరచుట మాత్రము బంధువుల చేతిలోనిదే. చాసో, కాళీపట్నం రామారావు మొదలగు ఈ ప్రాంతపు కథకుల రచనలయందు స్త్రీకి ఆపదలో ఆశ్రయమిచ్చినవారెవరు, ఏ వెల గొని ఇచ్చిరి అను విషయమును పరిశోధకవిద్యార్థులు వరుసగా పరిశీలించుట అవసరము.