మాయాబజార్: పరిష్కరణము, ప్రక్షేపము

కె.వి. రెడ్డి దర్శకత్వమున 1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రమునకు 2010లో రంగులద్ది, చట్రమును సినిమాస్కోపుగా మార్చి మరల విడుదల చేసిరి. ఈ రూపమును, తెలుపు నలుపుల మూలమును ఇంటి ప్రొజెక్టరుపై ఒకదాని వెంట నొకటి చూచి మేము గ్రహించిన భేదమును ఇచట విచారింతుము.

మార్కస్ బార్ట్లే వెన్నెల వెలుగునీడల తారతమ్యమున పుట్టినది. నౌకావిహారమున నీటి మెఱపునకును చీకటికిని నడుమ గల బూడిదవన్నె మెట్లే దానికి ప్రాణము. రంగు పూసినంతనే చూపు వెలుగును విడిచి వస్త్రాభరణముల వెంట పోవును. చట్రము మాట మఱింత స్పష్టము. ఇంచుమించు 4:3 నిష్పత్తి గల బొమ్మను 2.35 వెడల్పునకు నింపినచో ఎత్తులో అయిదింట రెండు వంతులకు పైగా పోవును. కత్తిరింపనిచో ముఖములు సాగును.

గీతలు మాపుట, రొద తగ్గించుట లేఖకదోషములను దిద్దుట వంటివి, అది పరిష్కరణము. రంగులద్దుట ప్రక్షేపము. రంగులు క్రొత్త ప్రేక్షకులను ఆకర్షించునన్న వాదము త్రోసిపుచ్చరానిదే. కాని ప్రక్షిప్తపద్యము రమ్యమైనంత మాత్రమున కవికృతము కాజాలదు.

చూచువారికిని ధర్మమొకటి కలదు. గది చీకటి కానిదే ప్రొజెక్టరు నలుపును చూపజాలదు; ఏలయన తెఱపై నలుపనగా వెలుగు పడని చోటే. కావున విద్యార్థులకు చీకటి గదిలో, మూలచట్రముతో, రంగులేని రూపమునే మొదట చూపవలెను. రంగుల రూపము వ్యాఖ్యానముగా పిదప చూపదగును.