ఆముక్తమాల్యదలో ఆకుకూరలు

ప్రబంధ కవిత్వంలో ప్రకృతి అంటే అష్టాదశ వర్ణనల లెక్క సరిచూసుకోవడమేననీ, దానికి నేలతో పని లేదనీ మన విమర్శకుల్లో చాలామంది తీర్మానించి చాలాకాలమైంది. విద్యార్థి దశలో నేనూ పరీక్షల్లో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. పెక్కు ప్రబంధాల విషయంలో అది నిజమే. కాని మొన్న వానాకాలంలో, శంషాబాదులో ఉంటూ, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదను మళ్ళీ చదివినప్పుడు ఆ తీర్మానం ఎంత తొందరపాటో తెలిసివచ్చింది.

చతుర్థాశ్వాసంలోని వర్షర్తు వర్ణన చూడండి. ముసురులో నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగాలి. దొరికిన నిప్పు తడికట్టెలకు అంటుకోదు, అంటుకుంటే పొగ. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన ప్రభువుకు పొయ్యి దగ్గరి ఈ అవస్థ తెలియడం ఆశ్చర్యమే. మరొక పద్యంలో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో పొరటించి, ఆవిర్లు కక్కే అరికెల అన్నంతో తిని, మేకపెంటికల కుంపటి ఉన్న మంచమెక్కుతారు. పశువులు పొలం పోగా, దూడలు వాళ్ళ ఒళ్ళు నాకుతుంటాయి. ఇందులో ఉపమానం ఒక్కటీ లేదు. అన్నీ వస్తువుల పేర్లే. వాన వాసన ఆ పేర్ల పొందికలోనే ఉంది.

అయితే ఈ పద్యంలో కవి చూపు మంచం దగ్గరే ఆగిపోయింది. జడిలో పశువుల వెంట వెళ్ళినదెవరు? తుమ్మి ఆకు గిల్లి తెచ్చిన చేతులెవరివి? ఈ ప్రశ్న విమర్శకుడు అడిగితీరాలి. అడిగామన్న తృప్తితో పద్యాన్ని పారవేయడం మాత్రం బద్ధకం.

చెంచలిని మన తరగతి గదుల్లో ‘శాకవిశేషము’ అని చెప్పి దాటేస్తాం. తెలంగాణ పల్లెల్లో దానికి టీక అక్కర్లేదు. ఎవరూ విత్తనిదే చేలల్లో మొలుస్తుంది. కలుపుతీసే స్త్రీలు ఒడిలో వేసుకొని ఇంటికి తెస్తారు. తుమ్మికూర వినాయకచవితికి వండుకుంటారు. అలాంటి నేల మీదనే, మామిడిపల్లి, గొల్లపల్లి పరిసరాల్లో, సుమారు 5,500 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం వెలిసి 2008 మార్చిలో ప్రారంభమైంది. 2013 చివరిదాకా అమలులో ఉన్న 1894 నాటి భూసేకరణ చట్టం భూమిలో హక్కున్నవారికే పరిహారం లెక్కకట్టింది. గట్టున మొలిచే చెంచలి, దానిని కోసుకొనే కూలిమనిషి ఆ లెక్కలోకి రాలేదు. రాయల పద్యంలోకి చెంచలి వచ్చింది, కూలిమనిషి రాలేదు.

ఇంతవరకు రాసి, ప్రథమాశ్వాసం మళ్ళీ తిరగేశాను. పొలం కాలువలో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్నాయి. వేకువన స్నానం చేసిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన పంచెలనుకొని, ఇళ్ళకు చేర్చడానికి తలారులు రేవులోకి దిగుతారు. బాతులు పరుగెత్తిపోతాయి. అది చూసి వరిచేను కాసే ఆడవాళ్ళు గొల్లున నవ్వుతారు. ఇన్నేళ్ళుగా ఆ పద్యంలో బాతులనే చూశాను. ఆ నవ్వు మొన్ననే వినిపించింది.